కమిటీకి వెళ్లిన బిల్లు, మేము పెట్టిన భోజనం

పార్లమెంటు మాటలు నాకు అక్షరాల కంటే ముందు వచ్చాయి. బిల్లు ప్రవేశపెట్టడం, కమిటీకి పంపడం, గడువు పొడిగించడం, నివేదిక సమర్పించడం. ఇవి మా ఇంట్లో ఉప్పు, చింతపండు అన్నట్టు వాడుకలో ఉండేవి. మా ఇంట్లో ఒక పిల్ల పెరుగుతుండేది. ఆ పిల్ల చట్టప్రకారం మా కూతురు అవుతుందా, లేక ఎప్పుడో ఒకనాడు కన్నతండ్రి వచ్చి తీసుకుపోతాడా అన్నది ఢిల్లీలో ఒక బిల్లు తేలుస్తుందని మేము కొన్నేళ్లు ఎదురుచూశాం.

నేను రాయగడలో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా పనిచేసేదాన్ని. మా ఆయన డిస్పెన్సరీలో కాంపౌండరు. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి మిషను పనుల వెంట ఇటు వచ్చినవే. బజారులో ఒడియా, సంతలో కొండ ఊళ్లవాళ్ల దేశియా భాష, చర్చిలో తెలుగు మాట్లాడుతూ బతికాం. పెళ్లై చాలాకాలమైనా మాకు పిల్లలు కలగలేదు.

ఆ పిల్ల పుట్టినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఊరికి దగ్గర్లో రోడ్డు వేసే కూలి ముఠాలోంచి ఒక చిన్నవయసు ఆవిడని కంకర లారీలో తెచ్చారు. బిడ్డ బతికింది, తల్లి బతకలేదు. తండ్రి వార్డు బయట సిమెంటు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని చేతులకి తారు అంటుకుని ఉంది. పాపని చూపిస్తే ఆ చేతులు చూసుకుని, వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్లదీ పాలకొండ వైపేనట. ముఠా ఎక్కడికి వెళ్తే అక్కడ గుడిసె వేసుకోవడం తప్ప వాళ్లకి ఇల్లు లేదు. అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచి, పాపని కొన్నాళ్లు ఉంచమన్నాడు. మా ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరూ ఏ కాగితమూ రాయలేదు. అవసరమని ఎవరికీ తోచలేదు.

వానలు వెనకబట్టి రోడ్డు పనులు మొదలయ్యే రోజుల్లో ప్రతి ఏడూ అతను వచ్చేవాడు. ముఠా ఒక ఏడు రామనగుడ దగ్గర ఉండేది, ఒక ఏడు పద్మపూర్ దాటి ఉండేది. ఎక్కడున్నా వచ్చేవాడు. జేబులో గాజులు ఉండేవి. పిల్లని ఎత్తుకుని బరువు చూసేవాడు. వీధిలో ఎవరైనా పోతుంటే నా కూతురని చెప్పేవాడు. టీ తాగి, వెళ్లబోతూ ఒకే మాట అనేవాడు.

"కాస్త ఎదగనీ అప్పా. తట్ట మొయ్యడానికొస్తే తీసికెల్లిపోతాను."

అందులో బెదిరింపు లేదు. వాళ్ల ముఠాలో పిల్లలు అందరూ అలాగే చేసేవారు. కానీ అతను వచ్చే రోజులు దగ్గరపడుతుంటే నేను పిల్లని కొలవడం మానేశాను. గౌను పొట్టి అయిందని ఎవరైనా అంటే నాకు నచ్చేది కాదు.

బడిలో వెయ్యాల్సిన వయసు వచ్చినప్పుడు మా ఆయన నన్ను వెంటపెట్టుకుని వకీలు గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన వాళ్ల తాతలు జమీందారీ కాలంలో దివాణం లెక్కలు చూసినవారు. తెలుగువాళ్లకి ఏ చిక్కు వచ్చినా ఆయన అరుగే దిక్కు. ముక్కుపొడుం పీల్చుకుంటూ మేము చెప్పిందంతా విన్నారు. హిందువులకైతే దత్తతకి చట్టం ఉందనీ, క్రైస్తవులకి లేదనీ చెప్పారు. మేము పిల్లని పెంచవచ్చు, చదివించవచ్చు, పెళ్లి చెయ్యవచ్చు, కూతురని మాత్రం కోర్టులో అనలేమట. జయపురం కోర్టుకి వెళ్లి సంరక్షకులమని ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, అదీ పిల్ల పెద్దదయ్యేవరకే. దానికి తండ్రిని కోర్టుకి పిలిచి, పిల్ల నీకు కావాలా వద్దా అని అడుగుతారు.

మా ఆయన ఆ దారి వద్దన్నాడు. అడగనంతకాలం అతను ఏడాదికోసారి టీ తాగి వెళ్తున్నాడు, జడ్జీ ముందు నిలబెట్టి అడిగితే ఏ తండ్రి వద్దంటాడు అన్నది ఆయన లెక్క.

"పోనీ, మీరిద్దరూ హిందువులైపోండి. మధ్యాహ్నానికి పని అయిపోతుంది," అన్నారు వకీలు గారు.

"పొద్దున్న హిందువునై, మధ్యాహ్నం దత్తు తీసుకుని, సాయంకాలం ప్రార్థన కూటానికి ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారు బాబూ?" అన్నాడు మా ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదని గమనించి, వకీలు గారు అసలు సంగతి చెప్పారు. అన్ని మతాలవాళ్లకీ ఒకే దత్తత చట్టం చెయ్యాలని ఢిల్లీలో బిల్లు ప్రవేశపెట్టారట. అది చట్టమైతే మాకూ వర్తిస్తుంది. రేడియో వింటూ ఉండమన్నారు.

రేడియో మా ఇంట్లో లేదు. పక్కింట్లో, రైల్వేలో పనిచేసే ఆయన దగ్గర ఉండేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చే వేళకి మా ఆయన వాళ్ల గుమ్మంలో నిలబడేవాడు. ఒకరోజు వచ్చి, బిల్లుని రెండు సభల వాళ్లూ ఉన్న కమిటీకి పంపారని చెప్పాడు. నేను చేతిలో పని వదిలేసి అయ్యగారింటికి వెళ్లి అమ్మగారికి చెప్పాను. అయ్యగారంటే మా పాస్టరు గారు.

ఇక్కడ మా చర్చి పద్ధతి కొంచెం చెప్పాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా ఏదైనా అడిగితే, అది ఇష్టం లేనిదైతే పెద్దలు బెంచీ మీద కూర్చునే కాదనేవారు. మొహమాటం ఉండేది కాదు. ఒప్పుకున్నదాన్ని మాత్రమే కమిటీకి పంపేవారు. మా కమిటీ ఐదారుగురు పెద్దమనుషులు. వెనకగదిలో చాప మీద కూర్చుని, ఒప్పుకున్న పనికి సున్నం ఎవరు తేవాలి, నిచ్చెన ఎవరింటి నుంచి తేవాలి అని పంచుకునేవారు. వచ్చే ఆదివారానికి పని అయిపోయేది. కమిటీకి వెళ్లి తేలకుండా ఉండిపోయిన విషయం మాలో ఎవరమూ చూడలేదు.

అందుచేత అమ్మగారు నా మాట వినగానే, కమిటీకి వెళ్లిందంటే అయిపోయినట్టేనని అన్నారు. అయ్యగారూ అదే అన్నారు. చదువుకున్న నర్సులూ, టీచర్లూ కూడా వేరేగా అనలేదు. మాలో మేలు జరిగిన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టడం ఆనవాయితీ. ఆలస్యం చేస్తే బాగుండదు. వచ్చే ఆదివారమే మా ఇంట్లో పెట్టాలని పెద్దలు నిర్ణయించారు.

మా ఆయన ముఠా మేస్త్రీ చేత పిల్ల తండ్రికి కబురు పంపాడు. పిల్లని మేము తీసుకుంటున్నాం, వచ్చి భోజనం చెయ్యమని. అది నాకు ఇష్టం లేకపోయింది. తెలియకుండా చేసుకుంటే తర్వాత మాట వస్తుందని మా ఆయన అన్నాడు.

ఆదివారం పెరట్లో రెండు గాడిపొయ్యిలు పెట్టి వండాం. కోడికూర, పప్పుచారు, బెల్లం పాయసం. అయ్యగారు ప్రార్థనలో ఢిల్లీలో కూర్చున్న పెద్దలందరినీ, వాళ్ల కుటుంబాలనీ దీవించమని అడిగారు. పిల్ల కొత్త గౌను తొడుక్కుని మోకాళ్ల మీద కూర్చుంది. భోజనాల వేళకి పిల్ల తండ్రి వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు, తలకి నూనె రాసుకున్నాడు. మా ఆయన పక్కన విస్తరి వేశారు. తలవంచుకుని తిన్నాడు. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి కడుక్కుని, నాకూ మా ఆయనకీ దండం పెట్టి వెళ్లిపోయాడు. పిల్లని ఎత్తుకోలేదు. ఆ రోజు గాజులు తేలేదు.

వారం తిరక్కుండా మా ఆయనకి బజారులో వకీలు గారు కనిపించారు. మా ఆయన వచ్చి చెప్పిన దాన్నిబట్టి, ఆయన ముందు తనని భోజనానికి ఎందుకు పిలవలేదని అడిగారు. ఎందుకు పెట్టామో విన్నాక గొడుగు ఆనించుకుని నిలబడి నవ్వారు. తర్వాత నెమ్మదిగా వివరించారు. పార్లమెంటులో కమిటీ అంటే పని మొదలవడం. వాళ్లు ఊరూరా తిరుగుతారు, అందరినీ అభిప్రాయాలు అడుగుతారు, ఒక్కొక్క మాటా దిద్దుతారు, నివేదిక రాస్తారు. ఆ తర్వాత సభలు రెండూ ఒప్పుకోవాలి. ఏళ్లు పట్టవచ్చు. అసలు కాకపోనూ వచ్చు.

మా ఆయన ఈ సంగతి అయ్యగారికి చెప్పాడు. దేవుడికి చెప్పిన కృతజ్ఞత వెనక్కి తీసుకునే పద్ధతి మాకు లేదు. ఆ భోజనాన్ని అలాగే ఉండనిచ్చారు. చర్చిలో ఆడవాళ్లు మాత్రం పిల్లకి ఢిల్లీ పిల్ల అని పేరు పెట్టారు. వీధిలో ఆడుకునేటప్పుడు కూడా ఆ పేరే అయింది.

ఆ భోజనం తర్వాత తండ్రి రావడం మానలేదు కానీ, వచ్చే తీరు మారింది. ఇదివరకు వీధి అరుగు మీద కూర్చునేవాడు, ఇప్పుడు కింద మెట్టు మీద కూర్చునేవాడు. గాజులు లేవు, ఎత్తుకోవడం లేదు. నా కూతురు అన్న మాట మళ్లీ వినలేదు. తట్ట సంగతి కూడా ఎత్తలేదు. చదువుతోందా అని అడిగి, టీ తాగి, లేచేవాడు. పిల్ల అతన్ని రోడ్డు మావ అనేది. అతనెవరో పిల్ల దగ్గర మేము దాచలేదు. ప్రభుత్వం పేరు ఎవరి నోటో విని జంకాడని మా ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. బిల్లు ఇంకా కమిటీలోనే ఉందని అతనికి చెప్పేవాళ్లం కాదు.

తర్వాత మా ఆయనకి బంధుగాం బదిలీ అయింది. ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. పక్కింటి రైల్వే ఆయన కూడా వెళ్లిపోయాడు. విశాఖపట్నం నుంచి రైలు మీద ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు స్టేషను దగ్గర దొరికేది. కొని తెచ్చేదాన్ని. చదివేవాళ్లు లేరు. పిల్ల చదివేది ఒడియా బడి. అప్పటికి నా వయసు నలభై దాటింది.

మా చర్చిలో ఆదివారం బడిలో పిల్లలకి పాటలతోపాటు తెలుగు అక్షరాలు నేర్పేవారు. తెలుగు బడులు దూరం కావడంతో బైబిలు వాక్యం చదువుకోవడానికి అదొక్కటే దారి. రిటైరైన నర్సు ఒకావిడ నేర్పేది. ఆవిడని సిస్టరమ్మ అనేవాళ్లం. పిల్లని తీసుకువెళ్లి వెనక చాప మీద కూర్చునేదాన్ని. కొన్నాళ్లకి నేనూ ఒక పలక తెచ్చుకున్నాను. పిల్లలు రెండు వారాలు నవ్వారు, తర్వాత నా పలక మీద తప్పులు చూపించడం మొదలుపెట్టారు. గుణింతాలు దాటాక సిస్టరమ్మ అందరినీ సువార్త తెమ్మంది. నేను పేపరు తీసుకువెళ్లాను.

"ఆదివారం బడికి పార్లమెంటేటి?" అందావిడ. "మోకాళ్ల మీద ఉండి చదువు మరి."

కానీ పేపరులో మూడో పేజీ తీసి, వేలు పెట్టి చూపించింది. అలా నేను చదవడం నేర్చుకున్నది పార్లమెంటు వార్తల మీద. ఆ వార్తలు నేర్చుకునేవాళ్లకి అనుకూలంగా ఉంటాయి. అవే మాటలు అదే వరసలో వస్తాయి. బిల్లు పేరు మారుతుంది, ప్రవేశపెట్టడం మారదు. చెరువుల గురించి, కూలీల గురించి, కంపెనీల గురించి, మందుల గురించి ఎన్ని బిల్లులు ప్రవేశపెట్టారో, ఎన్నింటిని కమిటీలకి పంపారో చూశాను. కొన్ని తిరిగి వచ్చేవి, కొన్నింటి పేరు మళ్లీ కనిపించేది కాదు. మా బిల్లు ఎప్పుడో ఒకసారి కనిపించేది, కమిటీ గడువు పొడిగించారని. ఒకసారి నివేదిక సమర్పించారని వచ్చింది. ఆ ఆదివారం మా ఆయన రెండుసార్లు చదివి, ఇంక సభలదే ఆలస్యం అన్నాడు. కూడిక పెట్టే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఢిల్లీలో ప్రభుత్వం మారింది. ఒక వానాకాలం, పిల్ల బడికి వెళ్లాక పేపరు విప్పితే మూలన చిన్న వార్తగా బిల్లు పేరు కనిపించింది. చివర ఉన్న మాట ఆ పేజీలో నాకు అంతకుముందు తగల్లేదు. ఉపసంహరించుకున్నారు అని ఉంది. కూడబలుక్కుని చదివాను గానీ, అర్థం తెలియలేదు. గొడుగు వేసుకుని సిస్టరమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. పెట్టిన బిల్లుని ప్రభుత్వమే వెనక్కి తీసుకుందని చెప్పింది. కొన్ని మతాల పెద్దలు తమ ధర్మానికి సరిపడదన్నారని కింద రాశారట. అది నేను చదవకుండానే లేచి వచ్చాను. ఆవిడ నాకు టీ ఇచ్చింది, తాగాను. ఇంటికొచ్చి అన్నం వార్చాను.

ఆదివారం మా ఆయన విని, చాలాసేపు చెప్పులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. పిల్ల తండ్రికి మాత్రం ఈ మాట తెలియకూడదన్నాడు. తెలిసి వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆపడానికి మన దగ్గర ఏ కాగితమూ లేదన్నాడు. నేను సరేనన్నాను. రెండేళ్లకో ఎప్పటికో ఇంకో దత్తత బిల్లు ప్రవేశపెట్టారని పేపరులో వచ్చింది. అది చదివి, పేపరుని పప్పుడబ్బా కింద పరిచాను.

పిల్ల పది పాసైంది. కోరాపుట్‌లో నర్సు ట్రైనింగుకి వెళ్తానంది. నా వార్డులో పెరిగిన పిల్ల, ఇంకేం అడుగుతుంది. దరఖాస్తులో తండ్రి గానీ, కోర్టు నియమించిన సంరక్షకుడు గానీ సమ్మతి తెలుపుతూ సంతకం చెయ్యాలని ఉంది. మా ఆయన అప్పటికి ఉద్యోగం నుంచి దిగి ఇంటికి వచ్చేశాడు. వకీలు గారు ముసలివారయ్యారు, వినికిడి తగ్గింది. కాగితం చూసి, ఇప్పుడు కోర్టుకి వెళ్తే సీటు పోతుందన్నారు. తండ్రి చేత వేలిముద్ర వేయించమన్నారు. వేయించాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే పిల్ల ఇంకా తన చేతిలోనే ఉందని అతనికి తెలుస్తుంది. వద్దంటే మేము చేసేదేమీ లేదు. పదిహేడేళ్ల పిల్ల. తట్ట మొయ్యడానికి ఎప్పుడో వచ్చింది.

మా ఆయన రెండు రోజులు ఆలోచించాడు. చివరికి, నువ్వే చెప్పు, నీ మాట వింటాడు అన్నాడు.

అతను అలవాటు ప్రకారం వానలు వెనకబట్టాక వచ్చాడు. గడ్డం నెరిసింది. మెట్టు మీద కూర్చుని దగ్గుతున్నాడు. నేను టీ ఇచ్చి, అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆ రోజు మనం భోజనాలు పెట్టుకున్నాం కదా, ఆ చట్టం కాలేదు, ఢిల్లీవాళ్లు వెనక్కి తీసుకుని చాలా ఏళ్లయింది, కాగితం ప్రకారం పిల్ల ఇప్పటికీ నీదే అన్నాను.

అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఏ సట్టమప్పా?" అన్నాడు.

నేను మళ్లీ చెప్పాను. బిల్లు, కమిటీ, అన్నీ.

"నాకదేటీ తెల్దు. పిల్లని తీసుకుంటన్నాం, వచ్చి బోయినం సెయ్యి అని బావ కబురెట్టేడు. వచ్చేను, తిన్నాను. మా వోల్లల్ల అంతే అప్పా. పిల్లని ఇచ్చినోడు తీసుకున్నోల్లింట ఒక పూట తింటాడు. తిన్నాక మరి ఎత్తుకోడు, గాజులు తేడు, అరుగెక్కడు. ఇన్నేల్ల నుంచి నానెక్కడ కూకుంటన్నానో నువ్వు సూడ్లేదేటి?"

చూశాను అన్నాను. ఢిల్లీవాళ్లు ఒప్పుకోలేదు కదా అని కూడా అన్నాను. ఎందుకన్నానో, అప్పటికి ఆ మాట అలవాటైపోయింది.

"ఢిల్లీవోల్లని బోయినానికి పిలిసేరేటి?" అన్నాడతను.

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది.

"పిలవలేదు మావా. అందుకే అలిగేరు," అంది.

అతను నవ్వుతూ దగ్గాడు. దగ్గు తగ్గాక, ఏ కాగితమో తెమ్మన్నాడు. మా ఆయన లోపలి నుంచి దరఖాస్తు, డిస్పెన్సరీ నుంచి అడిగి తెచ్చిన సిరా పెట్టె తెచ్చాడు. కాగితం అరుగు మీద పెట్టాడు. అతను అరుగెక్కలేదు. మెట్టు మీద నిలబడి, వంగి, ఎడమ బొటనవేలు ఒత్తాడు. తారు పనికి గీతలు అరిగిపోయాయో ఏమో, మొదటిసారి సరిగా పడలేదు. పక్కన ఇంకోసారి వేయించాం. పిల్ల కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఇచ్చింది. అతను వేలు తుడుచుకుని, నర్సులకి జీతం ఎవరిస్తారని అడిగాడు. గవర్నమెంటు అని చెప్పింది. బాగుందన్నాడు.

వేలిముద్ర వేసినప్పుడు అది ఫలానావారిదని చదువొచ్చినవాళ్లు పక్కన రాసి సంతకం చెయ్యాలి. మా ఆయన కళ్లజోడు కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. నేను కలం తీసుకున్నాను. తండ్రి వేలిముద్ర అని రాశాను. కింద సాక్షి అని ఉన్న చోట నా పేరు తెలుగులో రాశాను. ఆ పిల్లకి సంబంధించిన ఏ కాగితం మీదైనా నా పేరు పడటం అదే మొదలు.

సిరా ఆరేదాకా కాగితాన్ని అరుగు మీదే ఉంచాం. అతను వెళ్లడానికి లేస్తే, ఇంకో గ్లాసు టీ తాగి వెళ్లమన్నాను. మెట్టు మీద కూర్చున్నాడు.